ఓటు మురిగిపోతదనుకుని

2019 మార్చిలో మా ఊరి పసుపు రైతు ఒకాయన నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి నామినేషన్ వేశాడు. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలి. ఆ పదిమందిలో నేనొకణ్ణి. పసుపు క్వింటాకు 15,000, ఎర్రజొన్నకు 3,500, పైన పసుపు బోర్డు: రైతులు అడిగింది ఇంతే. ఆర్మూరు, బాల్కొండ రైతులతో పాటు జగిత్యాల, కోరుట్ల వాళ్లమూ కదిలాం. మా రెండు నియోజకవర్గాలూ ఆ లోక్‌సభ స్థానం కిందివే. చివరికి బరిలో మిగిలిన 185 మందిలో 178 మంది రైతులే.

ఏప్రిల్ 11న బూత్‌లోకి పోతే పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద పదహారు మీటలు. మావాడి పేరు ఏ మిషన్‌లో ఎక్కడుందో ముందే చెప్పి పంపారు కాబట్టి తిన్నగా అక్కడికే వెళ్లాను. గుర్తు కనబడింది. అప్పుడు పుట్టింది బుద్ధి: ఎట్లాగూ గెలవడు, ఓటు మురిగిపోతది. పెద్ద పార్టీల పేర్లన్నీ మొదటి మిషన్‌లోనే ఉంటాయి. వెనక్కి నడిచి వాటిలో ఒకటి నొక్కి బయటికొచ్చాను.

ఫలితాల తర్వాత ఫారం 20 వచ్చింది, బూత్‌ల వారీ లెక్క. మా బూత్‌లో ఆయనకు పడ్డ ఓట్లు సంతకాలు పెట్టినవాళ్ల కంటే తక్కువ.

‘‘సంతకానికి వచ్చిన చెయ్యి ఓటుకెందుకు రాలే అన్నా?’’ అన్నాడాయన. కోపంగా కాదు, తెలుసుకోవాలనే అడిగాడు. 25,000 డిపాజిట్ పోయింది, అందులో చాలామటుకు ఆయన పసుపు అమ్మిన సొమ్మే. నా దగ్గర జవాబు లేదు. ఓటు వేసే ఉద్దేశం లేనప్పుడు సంతకం పెట్టకూడదని ఆ రోజే అనుకున్నాను.

మురిగింది ఏ ఓటో అప్పుడు లెక్క చూసుకున్నాను. టీఆర్ఎస్ అభ్యర్థి కవిత గారి మీద గెలిచిన బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ ఆధిక్యం 70,875. నేను నొక్కిన మీట దాన్ని కదిలించేది కాదు. రైతులకు పడ్డవన్నీ కలిపితే మాత్రం 90 వేలు దాటాయి, ఆధిక్యం కంటే ఎక్కువ. బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన అర్వింద్‌ను తర్వాత నిలదీయడానికి మాకు బలం ఆ అంకెలోనే ఉంది. అందులో నా ఓటు లేదు.

అలాగని గెలవనివాడికైనా వేయమని అన్నిచోట్లా చెప్పను. పక్కనే సిరిసిల్లలో 2009 అసెంబ్లీ ఎన్నికల్లో టీఆర్ఎస్ అభ్యర్థి కేటీఆర్ 171 ఓట్లతో గట్టెక్కారు. రెండో స్థానంలో నిలిచింది స్వతంత్రుడు కె.కె. మహేందర్ రెడ్డి. అక్కడ పెద్ద పార్టీకి వేసినా, స్వతంత్రుడికి వేసినా, ఇంట్లో కూర్చున్నా ఫలితం మీద పడింది. డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు అక్కడి పౌరుడయ్యాక అడిగాడు: ‘‘మామా, మూడో పార్టీకి వేస్తే తప్పా?’’ 2000లో ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో. మూడో పార్టీ అభ్యర్థి నేడర్‌కు 97 వేలకు పైగా పడ్డాయి. ‘‘నువ్వక్కడ ఉంటే నేను వద్దనేవాణ్ణిరా. మీ టెక్సాస్‌లో 1976 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో డెమోక్రాట్ గెలిచిందే లేదు. అక్కడ నీకు నచ్చినోనికి వేస్తే పోయేదేముంది?’’ అన్నాను.

2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, నిజామాబాద్‌లో బోర్డు మొదలైంది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో పసుపు మాత్రం ఇప్పటికీ లేదు. ఆ 178 మంది నిలబడింది ధర కోసం కూడా.