అమ్మ ఎప్పుడూ వాయిస్ మెసేజే పెడుతుంది

మనలో కొరియన్ డ్రామాలు చూడనివాళ్ళు తక్కువే కదా! ఈమధ్య మా అమ్మాయితో కూర్చుని 2010లో వచ్చిన 'సంగ్‌క్యూన్‌క్వాన్ స్కాండల్' చూశాను. అందులో ఒకమ్మాయి మగవేషం వేసుకుని పెద్ద చదువుల బడిలో చేరుతుంది. "వేషం ఎందుకమ్మా, మామూలుగా చేరొచ్చుగా?" అంది మా పిల్ల. జవాబు కోసం నేనే కాస్త చదవాల్సి వచ్చింది.

కథ కల్పితమే గానీ ఆ బడి నిజంగానే ఉండేది. జోసన్ రాజుల కాలంలో, 1398లో సియోల్‌లో పెట్టారు. కన్‌ఫ్యూషియస్ చెప్పిన నీతి, పాలన అక్కడి చదువు. ఊళ్ళలో చిన్నపిల్లలకి మన వీధిబడుల్లాంటి 'సోదాంగ్'లు ఉండేవి. పెద్ద చదువులకి పండితులు పెట్టిన 'సోవోన్'లు. వాటిలో మొదటిది 1543 నాటిది. తొమ్మిది సోవోన్‌లని 2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. సోదాంగ్‌లో పిల్లవాడు ఒక పుస్తకం పూర్తిచేస్తే, ఇంటివాళ్ళు గురువుగారికీ తోటిపిల్లలకీ బియ్యప్పిండి వంటలు పంచేవారట. లోపల పూర్ణం పెట్టే 'సాంగ్‌ప్యన్' కూడా చేసేవారు. పూర్ణం నిండినట్టు బుర్రలో చదువు నిండాలని! మన బూరెలు గుర్తురాలేదూ?

కానీ ఆ బడులన్నీ మగపిల్లలకే. ఇమ్ యుంజిడాంగ్ (1721-1793) అనే ఆవిడకి అన్నగారు ఇంట్లోనే చదువు చెప్పారు. పుట్టుకతో వచ్చే స్వభావంలో ఆడా మగా తేడా లేదని ఆవిడ రాశారు. ఆ రాతలు పుస్తకంగా వచ్చింది ఆవిడ పోయాక, 1796లో.

అక్కడ ఆగిపోయాను. మా అమ్మని తమ్ముళ్ళని చూసుకోవాలని ఒకటో తరగతిలోనే బడి మాన్పించారు. మామయ్యలిద్దరూ డిగ్రీలు చదివారు. అమ్మ మాత్రం ఎప్పుడూ వాయిస్ మెసేజే పెడుతుంది. "కళ్ళు ఆనట్లేదే" అంటుంది. అసలు సంగతి నాకు తెలుసు. నర్సుగా ఇన్నేళ్ళూ పేషెంట్లకి మందుచీటీలు ఓపిగ్గా చదివి చెప్పాను. అమ్మకి నాలుగు అక్షరాలు నేర్పాలని మాత్రం తోచలేదు.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అడిగాను. "ఈ వయసులో నాకెందుకే" అని నవ్వేసింది. ఫోన్ పెట్టేసే ముందు, "రేపు ఎన్నింటికి చేస్తావు? పలక తెప్పిస్తాను" అంది.

ఇప్పటికి 'అ' నుంచి 'ఊ' దాకా వచ్చాం. మొదటి వాచకం పూర్తయిన రోజు ఇక్కడ నేనూ, అక్కడ తనూ బూరెలు వండాలని ఒప్పందం.

మీ ఇంట్లోనూ వాయిస్ మెసేజ్‌లే పెట్టే పెద్దవాళ్ళు ఉన్నారా? ఎందుకో ఒకసారి మెల్లగా అడిగి చూడండి.