రంగు కంటికి, కట్టు చేతికి

గిద్దలూరు దాటి నల్లమల వైపు వెళ్తే కొండల అంచున ఆ పల్లె వస్తుంది. ఊరి బయట చింతచెట్ల కింద ఎకరంలోపు జాగా, చుట్టూ ఇనుప జాలీ, లోపల వరసగా రేకుల గదులు. గదికో పుంజు. ఒకటి కూసిందంటే మిగతావన్నీ అందుకుంటాయి, పక్కనున్న మనిషి మాట వినబడదు. యజమాని అరవై దాటిన రైతు. పొలం కొడుకులకు అప్పజెప్పి పూర్తిగా కోళ్ల మీదే ఉన్నారు. పేరు రాయొద్దని ముందే చెప్పారు. "రాస్తే సంక్రాంతి నెల పెట్టగానే పందెగాళ్లు వాకిట్లో కూర్చుంటారు సార్" అని నవ్వారు.

ఆయన పెంచేవి చిలకముక్కు కోళ్లు. అసీల్ జాతిలోనే ఒక శాఖ. ముక్కు పొట్టిగా, లావుగా ఉండి కిందికి వంగుతుంది. మెడ మందం, కన్ను తెల్లన, పుంజు తోక నేల మీద జీరాడేంత పొడవు. వీటిని బరిలో దించరు, అందాల పోటీలకు తీసుకెళ్తారు. ప్రకాశం, కడప ప్రాంతాల్లోనూ, తమిళనాడులో దిండిగల్ వైపూ ఇలాంటి పోటీలు జరుగుతున్నాయి. తల, ముక్కు, కన్ను, నిలబడే వాటం, కాళ్లు, తోక అన్నీ అక్కడ విడివిడిగా చూస్తారు. పేరున్న వరసలో పుట్టిన పుంజుకు లక్ష రూపాయలు పెట్టేవాళ్లూ ఉన్నారు.

రంగులు చూపించమని అడిగాను. ఆయన పుంజుల దగ్గరికి పోకుండా మూలనున్న గంప లేపి ఒక పెట్టను తెచ్చి నా చేతుల్లో పెట్టారు. చూడ్డానికి మట్టిరంగు, ప్రత్యేకంగా ఏమీ లేదు. చేతికొచ్చాక తెలిసింది దాని సంగతి. కంటికి కనిపించే సైజుకు మించిన బరువు. "రొమ్ము ఎముక తడమండి" అన్నారు. మెడ కింద నుంచి పొట్ట దాకా వేలు ఎక్కడా పక్కకు జారలేదు, ఎముక తిన్నగా ఉంది. దాని మీద ఈక దాదాపు లేదు, ఎర్రటి చర్మం కనబడుతోంది. అసీల్ ఈకే అంత: పొట్టి, బిరుసు, ఒంటికి బిగుసుకుని ఉంటుంది. బ్రాయిలర్ కోడిలో మెత్తగా చేతికి తగిలే నూగు ఇక్కడ లేదు. తర్వాత పెట్టను నేల మీద నిలబెట్టి వెనక నుంచి చూడమన్నారు. మోకాళ్లు ఒకదాన్నొకటి తాకకూడదు, వెనక వేలు పక్కకు తిరగకుండా నేలకు ఆనాలి, తోక మొదలు ఒక పక్కకు ఒరగకూడదు. "ఈ పెట్టకు అన్నీ ఉన్నాయి. రంగు ఒక్కటే లేదు. అది పుంజు నుంచి తెచ్చుకుంటా. ఒంటి కట్టు లేని దాంట్లోకి కట్టు తేవాలంటే నా వయసు చాలదు."

రంగుకూ కట్టుకూ అంత తేడా ఎందుకో ఆయన గదుల్లోనే కళ్లకు కట్టింది. మన పల్లెల్లో కోడి రంగుకు పేర్లు కొల్లలు. ఎర్రనిది డేగ, నల్లనిది కాకి, తెల్లనిది సేతు, వీపు మీదో రెక్కల మీదో పసుపు ఈకలుంటే నెమలి, మెడ మీద నలుపు తెలుపు సమంగా ఉంటే పర్ల, ఎరుపులో బూడిద కలిస్తే మైల, ఇంకా కౌజు, పూల, పింగళ, కొక్కిరాయి. ఇన్ని రంగులున్నా వాటి వెనక పనిచేసే జన్యువులు కొన్నే. అందుకే ఒక రంగును పోగొట్టుకున్నా రెండు తరాల్లో తిరిగి రాబట్టవచ్చు. ఒంటి కట్టు అలా కాదు. ఎముక, కండ, కాళ్ల పొడవు, నిలబడే తీరు, వీటి వెనక చిన్న చిన్న ప్రభావాలు చూపే జన్యువులు బోలెడు. మేత, ఎండ, తిరిగే జాగా కూడా వాటితో చేతులు కలుపుతాయి. ఒక్క జోడీతో అది కుదరదు.

మైల గది ముందు ఆయన ఆగారు. కొత్తగా వచ్చినవాళ్లు మైల పుంజుకు మైల పెట్టనే కలిపి అన్నీ మైల పిల్లలే రావాలంటారట. రావు. సగమే మైల వస్తాయి. పావు వంతు మామూలు నలుపు ఎరుపుల్లో, పావు వంతు తెల్లటి మరకలతో వెలిసిపోయినట్టు వస్తాయి. నలుపును బూడిదగా పలచబరిచే జన్యువు ఒక పాలు ఉంటే మైల, రెండు పాళ్లు పడితే ఆ వెలిసిన రంగు. అన్నీ మైలే కావాలనుకుంటే వెలిసిన రంగు కోడిని నలుపు పాలున్న డేగకు కట్టాలి. చాలామంది ఆ వెలిసిన పిల్లలనే ముందు కూరకు పంపేస్తారు. ఈయన వాటినే దాచుకుంటారు.

ఇంకో జోడీ మరీ చిత్రం. ఎర్రమెడ పుంజును తెల్లమెడ పెట్టకు కడితే కూతుళ్లు తండ్రిలా ఎర్రగా, కొడుకులు తల్లిలా తెల్లమెడతో పుడతాయి. ఆయన దీన్ని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నారు. కారణం ఏమిటంటే కోళ్లలో మగకు రెండు జెడ్ క్రోమోజోములు, ఆడకు ఒక్కటే. తెలుపు ఎరుపుల్ని నిర్ణయించే ఆ జన్యువు జెడ్ మీదే ఉంటుంది. తల్లి తన ఒక్క జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతురికి అది తండ్రి నుంచే రావాలి. పెద్ద హ్యాచరీలు గోధుమ రంగు గుడ్లు పెట్టే కోళ్లలో పుట్టిన రోజునే ఆడ మగ పిల్లల్ని నూగు రంగు చూసి వేరుచేసేది ఈ లెక్కతోనే. మెండెల్ బఠాణీ మొక్కల్లో కనిపెట్టిన సూత్రాలు జంతువులకూ వర్తిస్తాయని 1902లో విలియం బేట్సన్ చూపించింది కూడా కోళ్ల మీదే. బేట్సన్ పరీక్షించిన లక్షణాల్లో తల మీది జుట్టు ఆకారం ఒకటి. అసీల్ తల మీదుండే పొట్టి జుట్టును ఇప్పటికీ బఠాణీ జుట్టు అనే అంటారు.

సేతు విషయంలో మాత్రం జాగ్రత్త పడమన్నారు పెద్దాయన. తెలుపు రెండు రకాలు. ఒకటి ముఖ్యంగా నలుపును కప్పేస్తుంది, నల్లకోడికి కడితే మొదటి తరంలోనే పిల్లలు తెల్లగా దిగుతాయి. రెండోది మొదటి తరంలో మాయమై, ఆ పిల్లల్ని తమలో తాము కలిపితే నాలుగింట ఒక వంతు పిల్లల్లో తేలుతుంది. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. కొనేముందు దాని తల్లిదండ్రుల రంగు అడగకపోతే ఏది వచ్చిందో తెలియదు.

ఆయన పద్ధతి చెప్పుకుంటే చిన్నదే, పాటించడం కష్టం. ఒక పుంజుకు రెండు మూడు పెట్టలకు మించి కట్టరు. పుంజును మారిస్తే మూడు వారాల దాకా గుడ్లు పొదగేయరు, పాత పుంజు వీర్యం పెట్ట ఒంట్లో అన్నాళ్లు నిలవుంటుంది కనుక. 21 రోజులకు పిల్లలు దిగగానే కాలి వేళ్ల మధ్య పొరకు చిల్లు వేస్తారు. ఏ కాలికి, ఏ సందులో అన్నదాన్ని బట్టి ఏ తల్లి పిల్లో నోటుబుక్కులో ఉంటుంది. మొదటి వారంలో కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు, తర్వాత టీకాలు. ఆరు నెలలకు రంగు తేలిపోతుంది. కొనేవాళ్లు అప్పుడే ఎగబడతారు. ఈయన అప్పుడు అమ్మరు. అసీల్‌కు ఒళ్లు పూర్తిగా నిలబడాలంటే ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. ఆ లోపు రంగు చూసి దాచుకున్నవి, కాళ్లు వంకరపోయాక బయటపడతాయి.

ఈ పనిలో ప్రమాదమూ ఉంది. పోటీలో గెలిచేది ముక్కు వంపు అనుకుని దాన్నే పట్టుకుపోతే గింజ ఏరుకోలేని కోళ్లు పుడతాయి. తండ్రీ కూతుళ్లను పదే పదే కడితే పోలిక నిలుస్తుంది గానీ గుడ్లలోంచి పిల్లలు దిగవు, దిగినవి తేరవు. "పోటీలో కప్పు వచ్చిన పుంజుకు పిల్లలు లేకపోతే అది బొమ్మే కదా" అన్నారు పెద్దాయన. కొన్ని తరాలకోసారి దూరపు చుట్టరికం ఉన్న వరస నుంచి ఆయన కొత్త పుంజును తెచ్చుకుంటారు.

రంగు మీద మోజు పల్లెకే పరిమితం కాదు, ప్రయోగశాలా దాన్ని లెక్కలోకి తీసుకుంది. బ్రాయిలర్‌ను తెల్లగా చేసింది కోసి శుభ్రం చేశాక ఈక మొదళ్లు చర్మం మీద నల్లగా కనబడకూడదని. పెరటి కోడికి అదే తెలుపు శత్రువు, గద్ద కంట ముందు పడుతుంది. పైగా సంతలో రంగు కోడికే గిరాకీ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ పల్లెల కోసం రూపొందించిన వనరాజా రంగు రంగుల ఈకలతో ఉన్నది అందుకే. అసీల్, కాళస్తి, డంకి, ఘాగస్ మన నేల జాతులుగా అధికారిక జాబితాలో ఉన్నాయి. వాటిని నిలిపేది మాత్రం ఇలాంటి పెరళ్లే.

పందేల మాట ఎత్తితే ఆయన ముఖం ముడుచుకున్నారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం రెండూ వాటిని తప్పంటున్నాయి. చట్టం సంగతి అటుంచి ఆయన లెక్క ఆయనది: కత్తి కట్టిన పుంజు ఒక్క పూటలో పోతుంది, దాని వెనకున్న తరాల కష్టమూ దాంతోనే పోతుంది.

ఆయన మాటల్లో నాకు సబబుగా తోచింది పాఠకులకు చెబుతాను. జాతి కోడి కొనదలుచుకుంటే పుంజు తోక, మెడ రంగు చూసి డబ్బు తీయకండి. దాని తల్లిని చూపించమనండి, చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక తడమండి, నిలబెట్టి వెనక నుంచి కాళ్లు చూడండి. తల్లిని చూపించనివాడి దగ్గర కొనకండి.