ఆ కుర్చీ, మా గంప

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ డిప్యూటీ స్పీకర్ అంటే ఏందో ఆమెకు తెలుసు. "పెద్దాయన లేనప్పుడు ఆ కుర్చీల కూసునేటామె. ఎంత పెద్ద దొరైనా ఆమె ఒప్పుకుంటెనే మాట్లాడాలె బిడ్డా" అనేది. ఆమె అంటే సదాలక్ష్మమ్మ. ఈ మాట చెప్పినప్పుడల్లా అమ్మ చేతిలో చీపురో రేకో ఉండేది.

ఏడో తరగతిలో ఒకరోజు సాంఘికశాస్త్రం సారు అసెంబ్లీ పాఠం చెప్తున్నాడు. ఉండబట్టలేక లేచి, "మా కులపామె డిప్యూటీ స్పీకర్ చేసింది సార్" అన్నాను. సారు నవ్వాడు. "మీ కులంల స్పీకర్లు కాదు, స్వీపర్లుంటరు" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మ "మీ సారుకు ఎరుకలేదేమో" అని ఊరుకుంది.

సారుకు నిజంగానే ఎరుక లేదేమో. పాఠంలో ఆ పేరు లేదు మరి. టి.ఎన్. సదాలక్ష్మి 1928లో సికింద్రాబాదులో మెహతర్ల ఇంట పుట్టింది. 1957లో కాంగ్రెస్ తరఫున అసెంబ్లీకి ఎన్నికైంది. అయ్యదేవర కాళేశ్వరరావు స్పీకర్‌గా ఉన్న సభలో 1960 నుండి 1962 దాకా ఆమె డిప్యూటీ స్పీకర్. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పదవికొచ్చిన మొదటి ఆడమనిషి. దేవాదాయ శాఖ మంత్రిగా కూడా చేసింది. గుళ్ల భూములు, లెక్కలు, ధర్మకర్తలు అన్నీ ఆ శాఖ కిందికే వస్తాయి. మా అమ్మ గుడి ముందరి బజారు ఊడ్చేది. మెట్టు మాత్రం ఎక్కేది కాదు. ఎవరూ వద్దనే అవసరం కూడా రాలేదు, ఆమె కాళ్లే ఆగిపోయేవి.

1962లో సదాలక్ష్మి నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి రిజర్వుడు సీటు నుండి గెలిచింది. 1967లో అక్కడే ఓడిపోయింది. ఓడించింది జె. ఈశ్వరీబాయి, రిపబ్లికన్ పార్టీ మనిషి. ఇద్దరిదీ సికింద్రాబాదే. ఇద్దరూ మనవాళ్లే. అమ్మ ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. తెలియకనో, చెప్పబుద్ధికాకనో.

నాకు తెలిసింది యూనివర్సిటీ హాస్టల్లో. 1994లో దండోరా మొదలైన మరుసటేడు. నేనూ ఒక మాల స్నేహితురాలూ ఒకే గదిలో ఉండేవాళ్లం. గోడ మీద అంబేడ్కర్ ఫోటో ఒకటే, బకెట్టు ఒకటే, నూనె సీసా ఒకటే. వర్గీకరణ మాట రాగానే గది రెండు ముక్కలైంది. "మీరు చీలుస్తున్నరే" అన్నది తను. "మా సదాలక్ష్మిని ఓడగొట్టింది మీ ఈశ్వరీబాయి కాదా? చీల్చింది ఎవరే?" అన్నాను, ఆ పొద్దే ఎవరో చెప్పగా విన్నమాట పట్టుకుని. తను కాసేపు ఊరుకుని, "ఆమె కాంగ్రెస్‌ను ఓడగొట్టింది. మీ కులాన్ని కాదు" అన్నది.

ఆ మాటలో సగం నిజముంది. ఆ రోజు ఒప్పుకోలేదు గానీ. రిజర్వుడు సీటులో నిలబడేది మనమే, ఓటేసేది ఊరంతా. అధికార పార్టీ టికెట్టు కావాలంటే ఎవరెవరి గడపలు తొక్కాలో చెప్పక్కర్లేదు. ఈశ్వరీబాయి ఆ గడపలు కాదని అంబేడ్కర్ ఆలోచనతో పుట్టిన పార్టీ నుండి గెలిచింది, 1972లో మళ్లీ గెలిచింది. 1969 తెలంగాణ ఉద్యమంలోనైతే ఓడించినామె, ఓడినామె ఇద్దరూ ముందు వరుసలోనే ఉన్నారు. ఇక మిగతా సగం సంగతి. డిగ్రీ దాకా వచ్చిన మెహతర్ పిల్ల ఆ హాస్టల్లో నేనొక్కదాన్నే. దానికి జవాబు నా స్నేహితురాలి దగ్గరా లేదు, నా దగ్గరా లేదు. ముసలితనంలో సదాలక్ష్మి దండోరాతో నడిచింది అందుకే అనుకుంటాను. ఆమె 2004లో పోయింది. ఆ ఏడు నవంబరులోనే సుప్రీంకోర్టు వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. రాష్ట్రాలకు ఆ హక్కు ఉందని అదే కోర్టు చెప్పడానికి 2024 ఆగస్టు దాకా పట్టింది. మాట్లాడటం మానేసిన మేమిద్దరం ఆ తీర్పు రోజున ఫోన్లో చాలాసేపు మాట్లాడుకున్నాం. కొట్లాడుకున్నాం అనడమే సరి.

గోగు శ్యామల రాసిన సదాలక్ష్మి బతుకు కథ 'నేనే బలాన్ని' 2011లో అచ్చయింది. కొని తెచ్చి అమ్మకు చదివి వినిపించాను. రెండు మూడు రాత్రులు పట్టింది. అప్పటికి అమ్మ కళ్లు మసకబారినయ్. డిప్యూటీ స్పీకర్ అయిన కాడికి వచ్చినప్పుడు లేచి కూర్చుంది.

"అది ఏ సాలు బిడ్డా?"

"1960 అమ్మా."

చాలాసేపు వేళ్లు మడిచింది.

"అవ్వల్ మా అవ్వెంట గంప పట్టింది నేను ఆ సాలే. పదిహేనేండ్లుంటయ్" అన్నది. మళ్లీ కొంచెం ఆగి, "ఆ ఆసెంబ్లీల పాయిఖానాలు ఎవలు కడిగేటోళ్లో. ఆ ముచ్చట రాసిండ్రా అండ్ల?"

పేజీలు తిప్పినట్టు చేశాను.

"సదువు, సదువు. ఆగకు" అన్నది.