ఒకే కదలిక, రెండు అర్థాలు

తెలుగు పాఠం చెప్పేవాడికి శ్లేష అంటే ప్రీతి. ఒకే మాట రెండు అర్థాలను మోస్తూ నడవడం మాబోటి వారికి కన్నుల పండుగ. ఎం.ఏ. చదివే రోజుల్లో పింగళి సూరన రాఘవపాండవీయం మాకు పాఠ్యభాగంగా ఉండేది. ఒకే పద్యంలో రామకథ, భారతకథ రెండూ సాగిపోతుంటే అబ్బురపడేవాణ్ణి. "పదం ఎక్కడ విరుగుతున్నదో చూసి చదవండి; చూడకుండా చదివితే ఒక కథే కనబడుతుంది" అని మా గురువుగారు హెచ్చరించేవారు. ఆ మాటనే ఇప్పుడు నేను నా విద్యార్థులకు ఏటేటా అప్పజెబుతున్నాను. కాని ఆ పాఠం నా ఇంట్లోనే, నా కన్నబిడ్డ ఒంటిమీదనే ఎదురైనప్పుడు నేను చదవలేకపోయాను. వార్షిక సంచికకు ఏదైనా సాహిత్య వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. వారు నన్ను మన్నించాలి. ఈ ఏడు ఆ చదవలేకపోయిన పాఠాన్ని గురించే రాస్తున్నాను.

మాకు ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, 2017లో పుట్టింది. అది రెండు నెలల పసికందుగా ఉన్నప్పుడు వాకిలి తలుపు గాలికి ధడాలున కొట్టుకుంటే చాలు, రెండు చేతులూ బారగా చాచి, మళ్లీ గుండెకు హత్తుకొని ఏడ్చేది. నిద్రలో ఒక్కోసారి కాలో చెయ్యో తటాలున ఎగిరేది. తొలిచూలు బిడ్డ గదా, నాకు నిద్ర పట్టేది కాదు. డాక్టరమ్మ దగ్గరకు పరుగెత్తాను. ఆమె నవ్వి, "ఉలికిపాటు ప్రతి శిశువుకూ ఉండవలసిందే. లేకపోతేనే మేము కంగారుపడాలి" అన్నది. ఈ ప్రతిక్రియకు దాన్ని 1918లో వర్ణించిన ఎర్నెస్ట్ మోరో అనే వైద్యుని పేరే పెట్టారట. నాలుగు నుండి ఆరు నెలలలోపు అది తనంతట తానే మాయమవుతుంది. నిద్రలో మాత్రమే వచ్చి, లేపగానే ఆగిపోయే ఎగురుళ్లు కూడా సాధారణంగా నిరపాయకరమైనవేనని ఆమె చెప్పింది. చెప్పినట్లే జరిగింది. అమ్మాయి ఏ లోటూ లేకుండా పెరిగింది. ఆ అనుభవం నాకు ధైర్యాన్ని ఇచ్చింది. ఆ ధైర్యమే తరువాత నా కళ్లకు గంతలు కట్టింది.

అబ్బాయి 2022 జనవరిలో పుట్టాడు. కాన్పు సుఖంగా జరిగింది. మూడో నెలకే వాడు మనిషిని చూసి నవ్వేవాడు; మా అమ్మ గాజుల చప్పుడు వినబడితే తల తిప్పేవాడు. జూన్ నెలలో ఒక ఉదయం నిద్ర లేచి, మా అమ్మ ఒడిలో కూర్చున్నవాడు హఠాత్తుగా తల ముందుకు వంచి, రెండు చేతులూ కొద్దిగా పైకెత్తి, మరుక్షణంలో మామూలుగా అయిపోయాడు. కొన్ని సెకన్లకు మళ్లీ అలాగే. మళ్లీ అలాగే. మా అమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఒరే, చూడరా! నా మనవడు సలాం చేస్తున్నాడు" అన్నది.

ఇల్లంతా నవ్వులు. అమ్మాయి వాడి ఎదుట నిలబడి తానూ సలాం చేసింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన బంధువులకు కూడా ఈ వింత చెప్పుకున్నాము. మా అమ్మ వాడి ముందు చేయి ఊపి, "సలాం చెయ్యి బేటా" అని ముద్దు చేసేది. అడిగినప్పుడు వాడు ఎన్నడూ చేయలేదు. తనకు తోచినప్పుడే చేసేవాడు. ఆ భేదాన్ని మాలో ఎవరమూ పట్టించుకోలేదు, ఒక్కరు తప్ప.

ఆ ఒక్కరు నా భార్య. నాలుగైదు రోజుల తరువాత ఆమె నాతో, "ఏమండీ, వీడు నిద్ర లేచినప్పుడే ఇలా చేస్తున్నాడు. ఒకసారి మొదలైతే పది పన్నెండు సార్లు వరుసగా వస్తున్నది. అయిపోగానే ఏడుస్తున్నాడు" అన్నది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండానే, "పెద్దదానికీ ఉలికిపాట్లు ఉండేవి కదా" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. వంటింటి గోడమీది క్యాలెండరులో తేదీల పక్కన పెన్సిలుతో అంకెలు వేయడం మొదలుపెట్టింది. అది పాల లెక్క అనుకున్నాను.

ఆమె పోరు పడలేక ఒకనాడు మా ఊళ్లోని ఒక వైద్యునికి చూపించాము. ఆ సమయానికి వాడు హాయిగా నిద్రపోతున్నాడు. ఆయన పొట్ట తట్టి చూసి, గాలి చేరిందన్నారు. చుక్కల మందు రాసి పంపించారు. నాకు కావలసిన మాటే ఆయన నోట వచ్చింది గనుక నేను తృప్తిగా ఇంటికి వచ్చాను. ఇరుగమ్మ దిష్టి అన్నది. పొరుగమ్మ బాలగ్రహం అన్నది. మా అమ్మ తాయెత్తు తెచ్చి కట్టింది. ఇంటిల్లిపాదిమీ తలొక పేరు పెట్టి ఊరుకున్నాము. పేరు పెట్టిన తరువాత మనిషి ఇక చూడడు. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్న సత్యం.

మరి పది రోజులు గడిచాయి. ఒక రాత్రి ఆమె క్యాలెండరును గోడమీదినుండి తీసుకొచ్చి నా బల్లమీద పెట్టింది. మొదటి వారంలో రోజుకు ఒకటి, రెండు అని ఉన్న అంకెలు ఇప్పుడు ఐదు, ఆరు దాకా వచ్చాయి. సెల్‌ఫోనులో తాను తీసిన వీడియో చూపించింది. వాడి కళ్లు ఒక క్షణం పైకి పోవడం అందులో స్పష్టంగా ఉన్నది. అప్పటికీ నేను ఏదో సమాధానం వెతుకుతున్నాను. ఆమె మెల్లగా అన్నది: "వీడు నన్ను చూసి నవ్వడం మానేసి నాలుగు రోజులైందండీ."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అంతవరకు నేను కదలికను చూశాను, బిడ్డను చూడలేదు. మరునాటి రాత్రి బస్సులో హైదరాబాదు బయలుదేరాము.

అక్కడి పిల్లల నరాల వైద్యుడు మా కథనం సగం విని, వీడియో చూపించమన్నారు. రెండుసార్లు చూశారు. పాలు మానడం, గాలి, దిష్టి ఏదీ అడగలేదు. "ఎన్ని రోజుల నుండి?" అని మాత్రం అడిగారు. నా భార్య క్యాలెండరు కాగితం చాచింది. ఆయన దాన్ని చదివి, "అమ్మా, మీరు సగం రోగనిర్ణయం చేసే తెచ్చారు" అన్నారు. ఆనాడే ఇ.ఇ.జి. తీశారు. తలకు తీగలు అతికించి, మెదడులోని విద్యుత్తరంగాలను నమోదు చేసే పరీక్ష అది. బిడ్డ నిద్రలోనూ మెలకువలోనూ తీయాలి. మామూలుగా ఒక క్రమంలో నడవవలసిన గీతలు వాడి విషయంలో ఎత్తుగా, చెల్లాచెదురుగా, కలగాపులగంగా ఉన్నాయి. దానికి గిబ్స్ దంపతులు 1952లో హిప్స్‌అరిథ్మియా అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో హిప్సోస్ అంటే ఎత్తు. రోగం ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్. వెస్ట్ సిండ్రోమ్ అని కూడా అంటారు. శైశవంలో వచ్చే ఒక విధమైన మూర్ఛ. పదివేల జననాలలో సుమారు ఇద్దరు నుండి ఐదుగురికి, ఎక్కువగా మూడు నెలల నుండి ఎనిమిది నెలల మధ్య మొదలవుతుంది. కాన్పు సమయంలో ప్రాణవాయువు అందకపోవడం, పుట్టిన కొత్తలో రక్తంలో చక్కెర పడిపోవడం, మెదడు నిర్మాణంలో లోపాలు, జన్యుదోషాలు కారణాలు కావచ్చు. కొందరిలో కారణం దొరకదు. మావాడికి ఎం.ఆర్.ఐ.లోనూ దొరకలేదు.

"దీనికి పాత పేరు ఒకటి ఉన్నది, సలాం ఫిట్స్ అనేవారు" అని ఆయన యథాలాపంగా అన్నారు. మా అమ్మ మా పక్కనే ఉన్నది. ఆ మాట ఆమెకు అర్థమైంది. తలమీది కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నది.

ఆ పేరు వెనుక కథను తరువాత నేను వెతికి చదివాను. 1841లో ఇంగ్లండులోని టన్‌బ్రిడ్జ్ పట్టణపు వైద్యుడు విలియం జేమ్స్ వెస్ట్ లాన్సెట్ వైద్యపత్రికకు ఒక లేఖ రాశాడు. అందులోని రోగి అతని కన్నకొడుకే. నాలుగు నెలల వయసులో బిడ్డ తల ముందుకు వంచడం చూసి, అది ఏదో చిలిపి అలవాటు అని తాను మొదట భావించినట్లు ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. జలగలు పట్టించాడు, చిగుళ్లు కోయించాడు, విరేచనాలకు ఇచ్చాడు, నల్లమందు వాడాడు. ఆనాటి వైద్యం ఏదీ పనిచేయలేదు. లండనులో ఆయన సంప్రదించిన పెద్ద వైద్యుడు సర్ చార్లెస్ క్లార్క్ అటువంటి బిడ్డలను అంతకుముందే చూసి, ఆ వంగుడును బట్టి దానికి సలాం అని పేరు పెట్టి ఉన్నాడు. వెస్ట్ తన లేఖలో ఒక్కొక్క విడతలో ఎన్ని కదలికలు వస్తున్నవో, రోజుకు ఎన్ని విడతలో లెక్క రాసి, ఎవరికైనా తెలిస్తే దారి చూపమని తోటి వైద్యులను వేడుకున్నాడు. ఆ లెక్క చదువుతుంటే నాకు మా వంటింటి క్యాలెండరు గుర్తుకు వచ్చింది. వైద్యుడైన తండ్రి కూడా మొదట మోసపోయాడని తెలిసి నాకు కొంత ఊరట కలిగిన మాట నిజం. కాని ఆయన మోసపోయిన తరువాత కూర్చొని లెక్కపెట్టాడు. మా ఇంట్లో ఆ పని చేసింది నేను కాదు.

ఆ తండ్రికి లేని మందు మాకు ఉన్నది. ఎ.సి.టి.హెచ్. అనే హార్మోను ఈ రోగంలో పనిచేస్తుందని 1958లో బెల్జియం వైద్యులు ప్రకటించారు. ప్రెడ్నిసొలోన్, విగాబట్రిన్ అనే మందులు కూడా వాడుకలో ఉన్నాయి. ఏ బిడ్డకు ఏది అన్నది వైద్యులు నిర్ణయిస్తారు. మావాడికి హార్మోను ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రక్తపోటు చూస్తూ, అంటురోగాలు సోకకుండా కాపాడుతూ ఇవ్వవలసిన మందు అది. బిడ్డ బుగ్గలు ఉబ్బాయి, ఆకలి ఎక్కువైంది, రాత్రంతా చికాకుపడి ఏడ్చేవాడు. తాయెత్తు తీసేయాలా అని మా అమ్మ భయపడుతూ అడిగితే, "ఉండనివ్వండమ్మా. ఇంజెక్షను మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి" అన్నారు ఆ డాక్టరుగారు. తొమ్మిదో రోజున క్యాలెండరులో సున్న పడింది. పదో రోజూ సున్న. రెండు వారాల తరువాత తీసిన ఇ.ఇ.జి.లో ఆ కల్లోలం అణగిపోయింది. మరి కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం వాడు తల్లిని చూసి నవ్వాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటకు రాలేదు.

కథ ఇక్కడితో సుఖాంతమైందని చెప్పలేను. ఇప్పుడు వాడికి మూడేళ్లు దాటాయి. ఇరవై ఒకటో నెలలో నడిచాడు. మాటలు తక్కువ, ఉన్న కొద్ది మాటలలో అక్క పేరు ఒకటి. వారానికి రెండు రోజులు మాటల శిక్షణకు తీసుకువెళ్తున్నాము. త్వరగా వైద్యం అందిన బిడ్డలు మెరుగ్గా కోలుకుంటారని, ఆలస్యమయ్యే కొద్దీ నష్టం పెరుగుతుందని వైద్యులు చెబుతారు. మా చేతులారా పోయిన ఆ మూడు వారాల మూల్యం ఎంతో ఎవరూ తేల్చి చెప్పరు. నేనూ అడగడం మానేశాను. క్యాలెండరులోని ఆ జూన్ కాగితం మాత్రం నా బీరువాలో, ఎం.ఏ. పట్టా పక్కన ఉన్నది.

విద్యార్థులారా! మీలో కొందరు ఇప్పటికే ఇంట్లో చిన్నవాళ్లకు అన్నలు, అక్కలు. రేపు తల్లిదండ్రులవుతారు. పసిబిడ్డ ఉలిక్కిపడితే ప్రతిసారీ భయపడవలసిన పని లేదు. పెక్కు కదలికలు నిరపాయకరమైనవే. వణికే కాలును మెల్లగా పట్టుకుంటే వణుకు ఆగిపోతుందా, లేదా? నిద్రలో మాత్రమే వస్తున్నదా, మెలకువలోనూ వస్తున్నదా? శబ్దానికి ఒకసారి ఉలికిపడుతున్నాడా, ఏ శబ్దమూ లేకుండానే వరుసగా వంగుతున్నాడా? నిన్న నవ్విన బిడ్డ ఇవాళ నవ్వుతున్నాడా? ఇవి చూడండి; తేదీ వేసి రాయండి; వీలైతే వీడియో తీయండి. వరుసగా వస్తున్నా, నవ్వు తగ్గినా, మనసుకు ఏమాత్రం సందేహం తోచినా ఆ రోజే వైద్యుని దగ్గరకు వెళ్లండి. ఒకరు కొట్టిపారేస్తే మరొకరికి చూపండి. అన్నింటికంటే ముందు, బిడ్డను రాత్రింబగళ్లు చూసే తల్లి ఒక మాట చెబితే, చేతిలోని పేపర్లు పక్కన పెట్టి తల ఎత్తి వినండి.

చాలాకాలం మా ఇంట్లో ఎవరమూ సలాం అన్న మాటను వాడి ఎదుట పలకలేకపోయాము. మొన్న పండుగనాడు మా పెదనాన్న వచ్చారు. అక్క సలాం చేయడం చూసి, వాడు తన కుడిచేతిని తానే పైకెత్తి నుదుటికి తాకించాడు. మేము ఊపిరి బిగబట్టి రెండోసారి వస్తుందేమోనని చూశాము. రాలేదు. ఒక్కసారే చేశాడు. పెదనాన్న జవాబు ఇచ్చేవరకు ఆయన ముఖంవైపే చూస్తూ నిలబడ్డాడు.