ఖాళీ స్థలం

బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేసినవాడికి అలాట్‌మెంట్ అనగానే షేర్లే గుర్తొస్తాయి. 2021లో మా అమ్మాయి ఎడిన్‌బరో నుంచి ఫోన్ చేసి, "నాన్నా, అలాట్‌మెంటుకి అప్లికేషన్ పెట్టాం, వెయిటింగ్ లిస్టు చాలా పెద్దదట" అన్నప్పుడు, "ఏ కంపెనీ అమ్మా, ధరెంత?" అని అడిగాను. కూరగాయలు పండించుకోవడానికి అక్కడి మునిసిపాలిటీ అద్దెకిచ్చే స్థలమని చెప్పి అమ్మాయి చాలాసేపు నవ్వింది. వాళ్లుండేది మూడో అంతస్తు. నాలుగు మెంతులు చల్లుకోవాలన్నా కిటికీ గట్టే గతి.

2024 జూన్‌లో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లాం. రాత్రి తొమ్మిదిన్నరకి కూడా పేపరు చదువుకునేంత వెలుతురు. అలాంటి ఒక సాయంత్రం అమ్మాయికి తెలిసిన ఒక పెద్దాయన ఇన్వర్లీత్ పార్కు దగ్గరి తన ప్లాటు చూడటానికి రమ్మన్నారు. మన దగ్గర ప్లాటంటే ఇల్లు కట్టే స్థలం. అక్కడ ఇల్లు కట్టకూడని స్థలం. వరసగా బంగాళాదుంపలు, ఉల్లికాడని పోలిన లీకులు, చిక్కుళ్లు, మూలన చిన్న చెక్క షెడ్డు, దూరాన కొండమీద కోట. మా ఆవిడ చిక్కుడు తీగల దగ్గర ఆగిపోయింది. నన్ను మాత్రం పెద్దాయన షెడ్డులోకి తీసుకెళ్లి టీ ఇచ్చారు.

షెడ్డులో పారా, గునపం కన్నా ఎక్కువగా ఫైళ్లున్నాయి. మన బ్రాంచిలో ఆడిట్ వారం గుర్తొచ్చింది. ఆయన స్కాటిష్ అలాట్‌మెంట్స్ అండ్ గార్డెన్స్ సొసైటీకి పనిచేస్తారు. స్కాట్లాండు అంతటికీ అదే సంఘం. 1917లో, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ జలాంతర్గాములు తిండిగింజల ఓడల్ని ముంచుతున్న రోజుల్లో పుట్టింది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే నడుపుతారు. ఒక ఊళ్లో తోట లీజు అయిపోతుంటే కాగితాలు ఎలా రాసుకోవాలో చెప్పడం, కొత్త తోటకి దారులు, నీళ్లు, కంచె ఎలా వేసుకోవాలో చెప్పడం, మునిసిపాలిటీ వాళ్లతో బేరాలాడటం వీళ్ల పని. తోటసంఘం కదా, విత్తనాల గురించి మాట్లాడుకుంటారనుకున్నాను. ఆయన రెండు గంటలూ సెక్షన్ల గురించే మాట్లాడారు. నాకైతే హాయిగా ఉంది!

2015లో స్కాట్లాండు పార్లమెంటు కమ్యూనిటీ ఎంపవర్‌మెంట్ చట్టం చేసింది. అందులో తొమ్మిదో భాగమంతా ఈ తోటల గురించే. 1892 నాటి నుంచి వస్తున్న పాత చట్టాల స్థానంలో వచ్చింది. ఒక ప్లాటంటే ఎంతో చెప్పకపోతే ఒక ప్లాటుని నాలుగు చేసి నలుగురికిచ్చామంటారని సంఘం వాళ్ల భయం. 250 చదరపు మీటర్లనే కొలత చట్టంలోకి ఎక్కింది. లిస్టులో ఉన్నవాళ్లు మొత్తం ప్లాట్లలో సగానికి మించకుండా, ఎవరూ ఐదేళ్లకి మించి కాచుకోకుండా మునిసిపాలిటీ తగిన చర్యలు తీసుకోవాలని కూడా ఉంది. తగిన చర్యలు అనే మాట ఎంత సాగుతుందో బ్యాంకువాళ్లకి చెప్పక్కర్లేదు. ఎడిన్‌బరోలో చాలామంది ఐదేళ్లు దాటినా కాచుకునే ఉన్నారు. "చట్టంలో అంకె ఉందిగా, కనీసం అడగడానికి వీలుంది" అన్నారాయన.

"మీకు ప్లాటు ఉంది కదా, మరి ఇదంతా ఎందుకు?" అన్నాను. ఆయన మా అమ్మాయి వైపు చూపించి, "ఆవిడకి లేదు కదా" అన్నారు.

తర్వాత చెప్పిన సెక్షన్ దగ్గర నేను టీ కప్పు కింద పెట్టేశాను. మునిసిపాలిటీ తన సొంత తోటస్థలాన్ని అమ్మాలన్నా మంత్రుల అనుమతి కావాలట. వేరేచోట స్థలం చూపించాలి, లేదా అక్కర్లేదని రుజువు చేయాలి.

బరంపురంలో మా నాన్నగారి ఇంటి వెనక నూట ఎనభై గజాల పెరడుండేది. బచ్చలి, గోంగూర, దొండపాదు, రెండు అరటి పిలకలు, పందిరి మీద ఆనపకాయలు. నాన్నగారు పోయాక, 2007లో, బిల్డరుతో మాట్లాడింది నేనే. వాల్యుయేషన్ రిపోర్టులో పెరడుకి ఎదురుగా "ఖాళీ స్థలం" అని రాశారు. అలాంటి రిపోర్టులు ఉద్యోగంలో ఎన్ని చూశానో లెక్కలేదు, ఆ మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఇంటి రిపోర్టు దగ్గరా ఆగలేదు. మాకు రెండు ఫ్లాట్లొచ్చాయి. అమ్మ కరివేపాకు మొక్కని పెయింటు డబ్బాలో పెట్టుకుని నాలుగో అంతస్తుకి వచ్చింది. అది రెండేళ్లు కూడా బతకలేదు.

తిరిగొచ్చాక అమ్మకి ఫోటోలు చూపించాను.

"ఎంత జాగారా అది?"

"ఇంచుమించు మూడొందల గజాలు."

"వాళ్లదేనా?"

"కాదమ్మా, అద్దెకి. మునిసిపాలిటీది. అయినా అమ్మాలంటే మునిసిపాలిటీ కూడా పైవాళ్లని అడగాలి."

అమ్మ బంగాళాదుంప పూల ఫోటో దగ్గరే ఉండిపోయింది. కాసేపాగి, "మనది అమ్మినప్పుడు నన్నడిగేవుట్రా?" అంది. కోపంగా కాదు, నిజంగా గుర్తులేనట్టే అడిగింది.

అడగలేదు. కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో చూపించాను, అంతే.

మన సంఘం హాలు వెనక స్థలంలో బళ్లు పెట్టుకోవడానికి షెడ్డు వేయాలన్న ప్రతిపాదన వచ్చే సర్వసభ్య సమావేశానికి రానుంది. కోశాధికారిని కాబట్టి ఎస్టిమేటు నేనే వేయాలి. వేశాను. బళ్ల ఇబ్బంది నిజమే, పండగపూట రోడ్డు మీద పెట్టి వీధివాళ్లతో మాటలు పడుతున్నాం. కాని "ప్రస్తుత వినియోగం" అన్న గడిలో చెయ్యి అలవాటుగా రాయబోయిన మాట కొట్టేసి, అక్కడున్న రెండు మునగచెట్లు, కరివేపాకు, వాచ్‌మన్ భార్య వేసిన తోటకూర మడి, అన్నీ రాశాను. దాంతోపాటు ఒక ఖాళీ కాగితం నోటీసు బోర్డుకి అంటించాను. ఫ్లాట్లలో ఉంటూ నాలుగు మొక్కలు వేసుకోడానికి జాగా కావలసినవాళ్లు పేర్లు రాయండి, షెడ్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం అని. అధ్యక్షులవారికి ఇది అంతగా నచ్చలేదు.

ఇప్పటికి పదకొండు పేర్లు వచ్చాయి. మూడోది మా అమ్మది.