ముందు ఎదుటివారి భాష

మాది భిలాయిలోని స్మృతి నగర్. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల భిలాయికి ఉక్కు కర్మాగారం వచ్చింది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పని ప్రారంభించింది. దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. మా నాన్నగారూ అలా వచ్చినవారే.

క్రైస్తవ యువకులం పదిమందిమి కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాం. తెలుగువాళ్ళం, మలయాళీలు, హిందీవాళ్ళు ఉండేవాళ్ళం. అయితే ప్రార్థన ఏ భాషలో జరగాలన్న దగ్గరే మాట పెరిగేది.

అప్పుడు ఒక పెద్దాయన మాకు అజరయ్య గారి గురించి చెప్పారు. 1874లో పుట్టిన వి.ఎస్. అజరయ్య తమిళుడు. యువకుడిగా వై.ఎం.సి.ఎ.లో పనిచేశారు. తరువాత డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకొని, పల్లె ప్రజల మధ్య సేవ చేశారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయ్యారు. వేరువేరు సంఘాలు ఒకటి కావాలని పాటుపడ్డారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అది చూడకుండానే 1945లో ఆయన కన్నుమూశారు.

ఆయన తన భాషను ఎవరిమీదా రుద్దలేదు. ఎదుటివారి భాష తాను నేర్చుకున్నారు. నాయకత్వమంటే అదేనని నాకు తోచింది.

మేము ఆదివారం సాయంత్రాలు కూలీల పిల్లలకు చదువు చెప్పడం మొదలుపెట్టాం. వాళ్ళది ఛత్తీస్‌గఢీ. అది మాలో ఎవరి భాషా కాదు. అందరం ఆ పిల్లల దగ్గరే నేర్చుకున్నాం. ప్రార్థన భాష గురించిన వాదన పూర్తిగా పోలేదు. కాని పిల్లలు వచ్చే వేళకు తప్పక ఆగేది.