చెక్క వేషం కట్టిన రాయి

జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ ఇప్పుడు ఇల్లు కట్టేవాళ్ళకి కనీసం ఒక పడగ్గదికైనా చెక్క నేల కావాలి. అసలు చెక్క కాకపోయినా అలా కనిపిస్తే చాలు. ఈ మోజు ఎక్కణ్ణించి వచ్చిందో కనుక్కోవడం కష్టమేమీ కాదు. పిల్లలు న్యూజెర్సీలో ఉంటారు. ఆరు నెలలు వాళ్ళ దగ్గరుండి వచ్చిన అమ్మానాన్నల కాళ్ళకి ఓక్ పలకల మీద నడక అలవాటైపోతుంది. అక్కడి ఇళ్ళు చాలావరకు లోపలినుంచే చెక్కవి. దూలాల మీద ప్లైవుడ్, దాని మీద ఓక్. పైగా అక్కడెవరూ బకెట్టెడు నీళ్ళు గుమ్మరించి ఇల్లు కడగరు.

మనం కడుగుతాం. పాత ఇళ్ళలో నేలకు వాటం ఇచ్చి, గోడ మూల తూము పెట్టింది ఆ నీళ్ళు పోవడానికే. పేడతో అలికిన మట్టి నేల పోయి నాపరాళ్ళు, గచ్చు, మొజాయిక్, మార్బుల్ వరసగా వచ్చాయి గానీ కడిగే అలవాటు మాత్రం పోలేదు. మనింట్లో చెక్క మర్యాద వేరు. అది సింహద్వారం, ఉయ్యాలబల్ల, గడప. టేకు కొనేటప్పుడు వడ్రంగి ముందు చూసేది చేవ ఎంతుందని; చుట్టూ ఉండే తెల్లచెక్కలో చెద ముందు దూరుతుంది. అలా ఏరి తెచ్చిన చెక్కతో చేయించిన గడపకు పసుపు రాసి బొట్టు పెడతాం. దాని మీద కాలు వేస్తే పెద్దవాళ్ళు ఊరుకోరు. కాళ్ళ కింద పరుచుకోవడానికి చెక్క కొనడం కొంచెం వింతగానే ఉంటుంది మరి.

నందిగామలో ఒక షాపులో మా పెద్దమ్మ లామినేట్ పలక పట్టుకుని అటూఇటూ తిప్పి చూసింది. అంచు దగ్గర గోరుతో గీకి, లోపల ఉన్నది నొక్కిన చెక్కపొట్టని కనిపెట్టేసింది. "పండక్కి నీళ్ళు పోసి కడుక్కోవచ్చా బాబూ?" అంది. "తడిగుడ్డతో తుడుచుకోవచ్చు మామ్మగారూ" అన్నాడు కుర్రాడు. "నేనడిగింది తుడవడం కాదుగా" అంది. ఆ మాటతో సగం సరుకు పక్కకు పోయింది.

ఆమె అడిగిందే అసలు ప్రశ్న. లామినేట్ మీద గీతలు అంత తొందరగా పడవు. కానీ అతుకుల్లోంచి నీళ్ళు దిగితే టీలో ముంచిన బిస్కెట్టులా అంచులు ఉబ్బుతాయి, మళ్ళీ యథాస్థితికి రావు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదికే వచ్చి రాకపోకలు ఆపేసింది. వరద దారిలో ఉన్న ఊళ్ళలో కింది అంతస్తుకు ఈ సరుకు వద్దనే నా మాట. అసలు చెక్కకు ఇంకో చిక్కు. మనం శ్లాబు పోసి రోజుల తరబడి నీళ్ళు కడతాం, ముహూర్తం దగ్గరపడిందని హడావిడిగా పైపనులు చేయిస్తాం. కాంక్రీటులో తేమ అలాగే ఉంటుంది. నేల మీద పాలిథిన్ షీటు పరిచి చుట్టూ టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. అడుగున నీటిబొట్లు కనిపిస్తే చెక్క మాట ఇంకా ఎత్తకూడదు. ప్లై పొరల మీద మూడు నాలుగు మిల్లీమీటర్ల అసలు చెక్క అతికించే ఇంజనీర్డ్ పలక కొంత మేలు, కానీ ధర చూశాక మేడ మీద ఒక్క గదితో ఆగుతారు.

అయినా చెక్క నేల గొప్పతనం పాదానికి చల్లగా తగలకపోవడమే కదా. మే నెలలో జగ్గయ్యపేటలో ఆ గొప్పతనం ఎవరికి కావాలి? చాప కూడా లేకుండా చల్లటి బండ మీద పడుకునే ఊళ్ళు మావి.

కుర్రాడు చివరికి బయటికి తీసింది ఎస్పీసీ పలక. చూడ్డానికి వాల్‌నట్. నీళ్ళకు చెక్కుచెదరదు, చెద ముట్టదు; ఎండ నేరుగా పడే కిటికీ పక్కన మాత్రం కాస్త జాగ్రత్త. దీని బరువులో సగానికి పైగా సున్నపురాయి పొడి, మిగతాది ప్లాస్టిక్. సున్నపురాయి! దాని కోసమే కదా జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది. మన కాళ్ళ కింద ఉన్న రాయే చెక్క రంగు పూసుకుని డబ్బాలో తిరిగొస్తోంది.

రాయి చెక్క వేషం కట్టడం ఈ కృష్ణ ఒడ్డున కొత్త కాదు లెండి. 1882లో పురావస్తు శాస్త్రవేత్త జేమ్స్ బర్జెస్ తవ్వించిన జగ్గయ్యపేట స్తూపం పలకలు సున్నపురాయివే. అవతలి ఒడ్డున అమరావతి స్తూపం చుట్టూ ఒకప్పుడు నిలిపిన రాతి కంచె సంగతి చూడండి. కంబాలకు బెజ్జాలు తొలిచి అడ్డపట్టీలు దూర్చారు. అది రాతిపనికి పుట్టిన పద్ధతి కాదు, అచ్చంగా వడ్రంగం. అంత గొప్ప శిల్పులే మొహమాటపడలేదు; చెక్కలా కనిపించే ఇలాంటి పలకో, టైలో వేసుకున్నవాణ్ణి నకిలీగాడని ఎగతాళి చేయడం నాకు నచ్చదు.

వేసుకునేది టైలైతే మాత్రం చూసి కొనాలి. నాలుగడుగుల పొడుగు పలకల్ని మొహామొహాలు ఆనించి పట్టుకుంటే కొన్నింటికి సందు కనిపిస్తుంది, అంటే వంపు ఉందన్నమాట. ఇటుకల కట్టుబడిలా సగానికి సగం జరిపి పరిస్తే ఆ వంపు ఎత్తుపల్లాలై కాలికి తగులుతుంది. మూడో వంతు జరపమని మేస్త్రీకి ముందే చెప్పండి. పెట్టె విప్పి పలకలన్నీ నేల మీద పరిపించండి. ఒకే ముడి, ఒకే గీత పదే పదే కనిపిస్తే ఆ చెక్కను ఎవరూ నమ్మరు. సందుల్లో నింపే పొడి తెల్లది వద్దు, పలక రంగుదే అడగండి. నున్నటి మెరుపు రకం కన్నా గరుకుది మేలు. గృహప్రవేశం నాడు ఆవునీ దూడనీ దాని మీదుగానే నడిపించాలి, అవి జారితే పూజారిగారితో సహా అందరూ హడలిపోతారు. ఒక పెట్టె ఎక్కువ కొని అటక మీద పడేయండి, పగిలినప్పుడు అదే డిజైన్ మళ్ళీ దొరకడం కష్టం.